కొల్లేటికి తీసుకెళ్ళిన ఆరు మెరుపు బుడ్లు

కొల్లేరు చూసొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా గుంటూర్లో నన్ను వదిలిపెట్టిన వాడు లేడు. స్కూల్లో తోటి మాస్టర్లు, కాఫీ హోటలు యజమాని, చివరికి మా ఇంటి చాకలి కూడా "పక్షుల ఫోటో ఏదండీ?" అని అడిగేవాళ్ళే. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి తప్పించుకుంటున్నాను. తప్పించుకోవడంలో నేను ఆరితేరిన వాణ్ణని ఈ ప్రయాణంలోనే నాకూ తెలిసింది. అందుకని ఆ వైపు వెళ్ళని వాళ్ళందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను. ఇది చదివాక ఎవరూ ఫోటో సంగతి ఎత్తరని నా ఆశ.

మద్రాసు కొట్లో

నేను లెక్కల మాస్టర్ని. పెళ్ళాం పిల్లల తర్వాత నాకున్న పిచ్చి ఫోటోలు. పెళ్ళాన్ని అడిగితే ఆ వరస తిరగేసి చెబుతుంది. మద్రాసు నుంచి వచ్చే సచిత్ర వారపత్రిక ఒకటి, మన వైపు వింతలేమైనా ఉంటే ఫోటోలు పంపండి, బాగున్నది అట్ట మీద వేస్తామని ప్రకటించింది. అంతే, నాకు నిద్ర పట్టలేదు. తాడేపల్లిగూడెం దగ్గర ఏదో ఊళ్ళో గూడబాతులు జనం ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయని, మనుషులు కింద తిరుగుతున్నా లక్ష్యపెట్టవని ఎవరో చెప్పారు. పెద్ద సంచిలాంటి గొంతు ఉండే పక్షులవి. మునిమాపు వేళ గూళ్ళకు చేరినప్పుడు చూడాలట. కాని ఆ వేళకి వెలుతురెక్కడిది? మన వెలుతురు మనమే పట్టుకెళ్ళాలి.

అప్పటిదాకా నా దగ్గర ఉన్నది మెగ్నీషియం పొడి. రేకు పళ్ళెంలో పోసి పైకెత్తి అంటిస్తే భగ్గుమంటుంది, తర్వాత గదంతా తెల్లటి పొగ. మా మేనమామ కూతురి పెళ్ళిలో వెలిగిస్తే పందిట్లో కాగితాల తోరణం అంటుకుంది. నా ఎడమ కనుబొమ్మ సగం పోయింది. పెళ్ళికూతురు తుమ్ముతుండగా ఫోటో పడింది. ఆ తర్వాత మా చుట్టాల పెళ్ళిళ్ళకు నాకు శుభలేఖలు వస్తున్నాయి గాని, ఫోటో పెట్టె తెమ్మని ఎవరూ రాయడం లేదు.

అందుకని సెలవుల్లో మద్రాసు వెళ్ళినప్పుడు ఒక ఫోటో సామాన్ల కొట్లో దూరాను. కొట్టు పెద్దమనిషి నెల్లూరు వాడు. పొడి డబ్బా, కొత్తగా వచ్చిన గాజు బల్బు రెండూ నా ముందు పెట్టాడు. బల్బు లోపల వెండి కాగితంలాంటి రేకు నలిపి కుక్కి ఉంది. టార్చిలైటులాంటి పిడికి తగిలించి బొత్తాం నొక్కితే చప్పుడు లేకుండా, పొగ లేకుండా ఒక్క మెరుపు మెరుస్తుంది. మెరిశాక గాజు పాలలాగా తెల్లబడుతుంది, ఇంక పారెయ్యడమే.

"పొడి చవక. ఒక డబ్బాతో ముప్ఫై ఫోటోలు లాగొచ్చు," అన్నాడాయన. "ఇది ఒక్కటి రూపాయి, ఒక్కసారికే. కాని మీరు పూరిళ్ళ వైపు వెళ్ళేట్టయితే పొడి జోలికి పోవద్దు, కొంపలంటుకుంటాయి."

నా కనుబొమ్మ తడుముకుని బల్బులే కొన్నాను. ఆరు. ఆరు రూపాయలంటే మా ఇంట్లో చెప్పే ధర కాదు, అందుకని చెప్పలేదు. ఆయన ఒక్కొక్కటి దూదిలో చుట్టి ఇస్తూ జాగ్రత్తలు చెప్పాడు. గాజుకు పగులుంటే వెలిగించకూడదు, చేతిలో పేలుతుంది. మెరుపు దగ్గర వాళ్ళకు ఎక్కువ, దూరం వాళ్ళకు బొత్తిగా తక్కువ కనక, ముందు అడుగులు కొలిచి దాన్నిబట్టి కెమెరా కన్ను ఎంత తెరవాలో తేల్చుకోవాలి. చివరగా, "మొహమాటానికి మాత్రం ఒక్కటి కూడా వెలిగించకండి," అన్నాడు. అడుగులు కొలిచే అలవాటు నాకు వెంటనే పట్టుబడింది. లెక్కల వాణ్ణి కదా. కాఫీ హోటల్లో కూచున్నా ఎదురుగా ఉన్న మనిషి ఎన్ని అడుగుల్లో ఉన్నాడో కళ్ళతోనే కొలిచేవాణ్ణి.

ఏలూరు: మూడు మెరుపులు

మార్గశిర మాసం చివర్లో ఏలూర్లో దిగాను. కాలవల్లో పడవలు, పడవల్లో పొగాకు బేళ్ళు, ఊరంతా పొగాకు వాసన. మాట తీరు మాత్రం పంచదార. జట్కావాడు నన్ను "ఏవండీ, ఎక్కండీ, సామాన్లు నేను పెడతానండీ" అంటుంటే, గుర్రాన్ని కూడా "నడవండీ" అంటాడేమోనని చూశాను. అదొక్కదాన్నే నువ్వు అన్నాడు. మా గుంటూర్లో జట్కావాడు ఎక్కమని అడిగినా పోట్లాటకి పిలిచినట్టుంటుంది.

మా అక్కయ్యగారి ఇంట్లో దిగాను. బావగారు ప్లీడరు గుమస్తా. పులుసులో బెల్లం వేసే దేశం అది. మొదటి ముద్దకే నేను పెట్టెలోంచి మా ఊరి కారప్పొడి తీశాను. అక్కయ్య చూసి, "పాతికేళ్ళయింది నేనీ ఊరొచ్చి, నా వంటకి ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదురా!" అని నెత్తి కొట్టుకుంది.

మర్నాడు తివాచీలు నేసే చోటికి వెళ్ళాను. పొడుగాటి పాక, చీకటి. మగ్గం ముందు బల్ల మీద వరసగా కూచుని నేస్తున్నారు. ఒకాయన కాగితంలో నమూనా చూస్తూ ఏ రంగు ఎన్ని ముళ్ళో రాగం తీసి చెబుతుంటే, మిగతా వాళ్ళు "వేశాం" అంటూ ముళ్ళు వేస్తున్నారు. పాక యజమాని ఖాదర్ సాహెబు, తెల్ల గడ్డం, నిదానమైన మనిషి. ఫోటోకి సంతోషంగా ఒప్పుకున్నాడు. పదడుగులు కొలిచాను, స్టాండు నిలబెట్టాను, కదలొద్దని అందరికీ చెప్పాను. బొత్తాం నొక్కగానే పాక పట్టపగలైంది. "అబ్బా!" అన్నారందరూ. నేను విజయగర్వంతో కెమెరా కేసి చూస్తే కన్ను మీద మూత మూసినట్టే ఉంది.

అంతటితో పోలేదు. నమూనా చెబుతున్నాయనకు కళ్ళు బైర్లు కమ్మి ఎక్కడిదాకా చెప్పాడో మర్చిపోయాడు. తప్పు వరస పడింది. రెండు వరసలు విప్పి మళ్ళీ వేశారు. "పర్లేదండీ, కొత్త వస్తువు కదా," అన్నాడు ఖాదర్ సాహెబు, నాకు టీ తెప్పిస్తూ. ఆ మర్యాదకు తల ఎత్తలేక, మూత తీసి రెండో బల్బు వెలిగించాను. అది బాగా వచ్చింది. ఇప్పుడు మా గోడ మీద ఉంది.

మూడోది బావగారు మింగారు. ఆయన కొత్తగా గ్రామఫోను కొన్నారు. దాని పక్కన కోటు, తలపాగా, చేతికర్రతో నిలబడి, "మా ఇంటికొచ్చి మా ఫోటో తియ్యకుండా పోతావా ఏం?" అన్నారు. పగలు వసారాలో తీస్తానంటే, పాట మోగేది హాల్లో కదా అన్నారు. మద్రాసు పెద్దమనిషి చెప్పిన మాట చెవిలో మోగుతూనే ఉంది, అయినా వెలిగించాను. ఫోటోలో గ్రామఫోను బాగా పడింది. బావగారు కళ్ళు మూసుకున్నారు.

దోనె మీద

కొల్లేటిని సముద్రంలా ఊహించుకుని వెళ్ళకండి. ఎక్కువచోట్ల మనిషి నడుం లోతు. గడ్డి, తామరాకులు, వాటి మధ్య దోనె పోయేంత సన్నటి నీటిదారి. తాటిమానులు తొలిచి రెంటిని పక్కపక్కన కట్టి చేస్తారు దోనెని. నన్ను ఎక్కించుకున్న ఏడుకొండలుకి అరవై దాటి ఉంటాయి. కొల్లేటికోట దాటాక ఉన్న చిన్న లంకలో ఇల్లు. రెండు రాత్రులు తన ఇంట్లోనే ఉండొచ్చన్నాడు. తిండికేమివ్వాలి అంటే, "చేపలు నీళ్ళలో ఉన్నాయండి, నాకెందుకిస్తారు?" అన్నాడు.

దారిలో పెట్టె తెరిచి బల్బులు పరీక్షించాను. బండి కుదుపులకి ఒకదాని గాజు సన్నగా చిట్లింది. తిట్టుకుంటూ పక్కన పెట్టాను. ఇక మిగిలినవి రెండు. ఏడుకొండలు గెడ వేస్తూ అది చూసి, "బుడ్డి పగిలితే మార్చుకోవచ్చు గదండి, అంత బాధెందుకు?" అన్నాడు. ఇది అలా మార్చే బుడ్డి కాదని చెప్పబోయి, రూపాయి సంగతి చెప్పాల్సొస్తుందని ఊరుకున్నాను.

లంకలో

లంక అంటే నీళ్ళలో మట్టిదిబ్బ, మీద పాతిక పాకలు. చూరు నడుం దాకా దిగి ఉంటుంది, గాలివానకి ఎగిరిపోకుండా. వంగి దూరాలి. పగలే లోపల బుడ్డి దీపం కావాలి. ఏడుకొండలు భార్య బొమ్మిడాయల పులుసు పెట్టింది. అందులోనూ బెల్లం తగిలింది గాని, నా కారప్పొడి పెట్టెలోనే ఉండిపోయింది. ఆ పులుసు కోసం ఇంకోసారి కొల్లేరు వెళ్ళొచ్చని అప్పుడనుకున్నాను.

మధ్యాహ్నం ఏడుకొండలు పాకలో కూచుని వెదురుపుల్లలతో చేపల మావు అల్లుతున్నాడు. చేపలు లోపలికి దూరగలవు గాని బయటికి రాలేవు, అలాంటి బుట్ట. చేతివేళ్ళు పుల్లల మధ్య ఆడుతుంటే నాకు మనసాగలేదు. అయిదో బల్బు వెలిగించాను. లంక లంకంతా వచ్చి పాక ముందు గుమిగూడింది. తెల్లబడిపోయిన గాజును చేతులు మార్చుకుంటూ చూశారు. "మెరుపుని బుడ్డిలో పట్టేశారండి!" అన్నాడొకాయన.

పాకకు అటు చివర తాటాకు దడి కట్టిన చిన్న గది ఉంది. జనం వెళ్ళాక ఏడుకొండలు భార్య వచ్చి, "బాబూ, మా కోడలు మీతో ఒక మాట చెబుతుందంటండి," అంది. కోడలు సత్తెమ్మ పురిట్లో ఉంది. పన్నెండు రోజుల కిందట ఆడపిల్ల పుట్టింది. వాళ్ళ ఆచారం ప్రకారం ఇరవయ్యొక్క రోజులు నిండేదాకా తల్లీ పిల్లా ఎండపొడ చూడకూడదు, గాలి సోకకూడదు. గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల చీకట్లోంచి మెల్లిగా మాట వచ్చింది.

"వాళ్ళ నాన్న రంగంలో ఉన్నారండి."

రంగం అంటే రంగూన్. ఏడుకొండలు కొడుకు పోతురాజు అక్కడ బియ్యం మిల్లులో పని చేస్తున్నాడు. భార్యకి నాలుగో నెలప్పుడు ఓడెక్కాడు.

"పురిటికి ముందే జాబు రాయించారండి. పుట్టబోయే బిడ్డని చూడాలనుంది, మూడేళ్ళ దాకా రావడానికి లేదు, అప్పటికి పెద్దదైపోతుంది, ఇంత బిడ్డగా ఎలా ఉండేదో నాకు తెలియకుండా పోద్ది అని రాయించారండి. అది చదివించుకున్న కాణ్ణించీ నాకు మనసు మనసులో లేదండి. మీరు మెరుపుతో తీస్తే గదిలోనే పడుద్ది గదండీ. నేనొద్దండి, బిడ్డొకత్తే చాలండి. బయటికి తేకుండా పని అయిపోద్ది గదండీ."

ఎంత బాగా ఆలోచించిందో చూడండి. ఆ మెరుపు ఎందుకు పనికొస్తుందో నాకంటే ఆవిడకే ఎక్కువ తెలిసింది. చీకట్లోంచి బయటికి రాకూడని మనిషికే కదా అది కావలసింది!

నా దగ్గర ఒకటుంది. ఆ ఒక్కదాన్నీ అట్టమీది బొమ్మ కోసం అట్టేపెట్టాను. గూడబాతుల్ని వదులుకోలేను. మొహమాటానికి వెలిగించకండి అన్న మాట గుర్తొచ్చింది. బావగారి గ్రామఫోను ముందు పనికిరాని ఆ మాట, ఇక్కడ బాగా పనికొచ్చింది.

"అయ్యో, అన్నీ అయిపోయాయమ్మా. అదే ఆఖరిది," అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తడబాటు కూడా లేదు. పైగా సలహా ఒకటి: "ఇరవయ్యొకటో రోజు వెళ్ళాక ఏలూరు తీసుకెళ్ళండి. స్టూడియోలో ఇంతకంటే బాగా తీస్తారు."

"అలాగేనండి," అంది సత్తెమ్మ. "పోనీ చూడండి బాబూ, మీరు పెద్దోరు, దీవించండి." గుడ్డల మూట ఒకటి చీకట్లో పైకి లేచింది. పక్కనే బుడ్డి దీపం ఉంది. నేను చూశాను. ఏం చూశానంటే, గుమ్మానికీ మూటకీ దూరం ఎనిమిదడుగులు ఉంటుంది, కన్ను ఇంత తెరిస్తే చాలు, వెనక తాటాకు దడి కనక నీడ గట్టిగా పడుతుంది. అలవాటు కొద్దీ లెక్కంతా కట్టేశాను. తియ్యనని చెప్పిన ఫోటోకి!

"చల్లగా ఉండాలి," అన్నాను, వచ్చేశాను. మర్నాడు బయల్దేరుతుంటే ఏడుకొండలు భార్య ఎండుచేపలు పొట్లం కట్టిచ్చింది.

తాడేపల్లిగూడెం, ఆ పక్క ఊరు

తాడేపల్లిగూడెంలో బెల్లం బజారు చూడాల్సిందే. బండ్ల నిండా బెల్లం దిమ్మలు, ఈగలు, బేరాలు. అక్కడి బేరాలు కూడా "లేదండీ", "కాదండీ", "అలా అనకండీ" అంటూ సాగుతాయి, కాని ఒక్క కాణీ కూడా తగ్గరు. కాఫీ హోటల్లో ఒక అణాకి రెండు ఇడ్లీలు, కాఫీ. ఇడ్లీ మా ఊరి దానికంటే పెద్దది, పచ్చడి మా ఊరి దానికంటే సాధువు.

అక్కణ్ణుంచి బండి కట్టించుకుని పక్షుల ఊరు చేరాను. విన్నది నిజమే. చింతచెట్లు, తుమ్మచెట్లు, తాటిచెట్లు, అన్నింటి మీదా గూళ్ళే. ఒక పెరట్లో చింతచెట్టు కొమ్మ గొడ్లపాక మీదికి వంగి ఉంది, ఆ కొమ్మ మీద గూడు, గూట్లో రెండు పిల్లలు. పాక మీదికెక్కితే పన్నెండడుగులు! ఎక్కుతానన్నాను. పెరటి వాళ్ళు, "ఎక్కండీ, జాగ్రత్తండీ," అన్నారే గాని ఎందుకని అడగలేదు.

పొద్దు వాలింది. ఆకాశంలోంచి ఒక్కొక్కటే దిగుతున్నాయి. స్టాండు సర్ది, ఆరో బల్బు దూదిలోంచి తీసి పిడికి తగిలిస్తున్నాను. కింద నుంచి ఎవరో నెమ్మదిగా పిలిచారు.

"ఏవండీ, మాస్టారూ. ఒక్కసారి కిందికి వస్తారాండీ?"

ఆయన ఆ ఊరి మిషన్ స్కూలు ఉపాధ్యాయుడు, దేవదానం గారు. దిగాను. "అది మెరుస్తుందటగాండీ," అన్నాడు.

"మెరుస్తుంది. చప్పుడు మాత్రం ఉండదు."

"మేం వద్దనమండీ, మీరు మా ఊరొచ్చిన మనిషి. కాని సంగతి చెప్పడం నా ధర్మం. తల్లి ఒక్కసారి బెదిరి లేచిందంటే చీకట్లో మళ్ళీ గూడు చేరలేదండీ. తెల్లారేసరికి పిల్లల్ని కాకులు బతకనియ్యవు. అందుకే ఇవి గూళ్ళల్లో ఉన్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో మేళం మోగదండీ. దీపావళి టపాకాయలు ఊరవతల చెరువుగట్టు మీద కాల్చుకుంటారు. మా గుడి గంట నాలిక్కి గోనెపట్టా చుట్టేస్తాం. ఆదివారం నేనే ఇంటింటికీ వెళ్ళి పిలుస్తానండీ."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"కిందటి మాఘంలో మా అమ్మాయి పెళ్ళండీ. బ్యాండు లేదు. వియ్యాలవారు భీమవరం వాళ్ళు. ఇది పెళ్ళా, తద్దినమా అని అలిగారు. మా అమ్మాయి కూడా ఏడ్చింది. ఏం చెయ్యను? ఆ చెట్టు మీద అప్పుడు పిల్లలున్నాయండీ," అని పక్కింటి తుమ్మచెట్టు చూపించాడు.

ఎవరి పక్షులు, ఎవరి పిల్లలు! వాటి కోసం కన్నకూతురి పెళ్ళిలో బ్యాండు మానుకున్న మనిషి నా ఎదురుగా ఉన్నాడు. ఒక బిడ్డ కోసం ఒక్క బల్బు లేదన్న మనిషిని నేను. సిగ్గుతో చచ్చిపోయాను. పిడి మీంచి బల్బు విప్పి మళ్ళీ దూదిలో చుట్టాను. దేవదానం గారు "మన్నించండి, ఎంతో దూరం నుంచి వచ్చారు," అంటూ బాధపడుతుంటే ఇంకా సిగ్గేసింది.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే భోంచేశాను. మర్నాడు పగటిపూట నాలుగు ఫోటోలు తీశాను. నాలుగూ చింతకొమ్మల్లో మసిగుడ్డలు ఆరేసినట్టు వచ్చాయి. అయినా ఆ పొద్దున నాకు దిగులు లేదు. బల్బు మిగిలింది. సెలవులు ఇంకో మూడు రోజులున్నాయి. వెనక్కి లంకకు పోతాను, బిడ్డ ఫోటో తీస్తాను, ఫోటో పడిన గాజు ప్లేటు కడిగించి రంగూన్ చిరునామాకి నేనే పంపుతాను. పోతురాజు మిల్లులో అందరికీ చూపించుకుంటాడు. తలుచుకుంటేనే ఏదో పుణ్యం చేసినంత తేలిగ్గా ఉంది. చెయ్యాల్సిందల్లా ఇంకో చిన్న అబద్ధం: పెట్టె అడుగున దూదిలో ఒకటి ఇరుక్కుపోయింది, చూసుకోలేదు.

మళ్ళీ లంక

గుండుగొలను దాకా చేరి, అక్కణ్ణుంచి బండి మీద నీటి ఒడ్డుకొచ్చి, ఎవరిదో దోనె బతిమాలుకున్నాను. దోనె వాడు వేరే లంక మనిషి, ఏమీ ఎరగడు. దారి పొడుగునా వాడికి బల్బు గురించి ఉపన్యాసం ఇచ్చాను.

ఏడుకొండలు ఒడ్డున వల ఆరబెడుతున్నాడు. దోనె ఇంకా ఆగకుండానే లేచి నిలబడి అరిచాను, "ఏడుకొండలూ! ఒక బుడ్డి దొరికింది! మీ కోడల్ని బిడ్డకి తల దువ్వమను!"

వాడు వల వదిలి నా కేసి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నన్ను చూసి జాలిపడినట్టుంది. దోనె ముక్కు పట్టుకుని ఒడ్డుకు లాగి, నేను దిగడానికి చెయ్యందించాడు.

"మొన్న పొద్దున పోయిందండి, బాబూ," అన్నాడు. "మీరెళ్ళిన రోజంతా పాలు తాగలేదు. వైద్యం చేసే ఆచారిగారిని తీసుకొచ్చే లోపలే..."

మొన్న పొద్దున నేను బెల్లం బజార్లో తిరుగుతున్నాను.

వెంటనే అదే దోనెలో వెనక్కి పోదామనిపించింది. నిజం చెప్పాలంటే ఒక కాలు అటు వేశాను కూడా. కాని సత్తెమ్మకి నా గొంతు వినపడింది, లోపలికి రమ్మంది. ఆ గది గుమ్మానికి లోపలి పక్కనే కూచుని ఉంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మొహం అప్పుడే చూశాను నేను.

"అమ్మా, ఆ రోజు నా దగ్గర..." అన్నాను. చెప్పేద్దామనే మొదలుపెట్టాను. ఒట్టు.

"మీరు బాధపడకండి బాబూ," అంది. "ఆ రోజు మీ దగ్గర లేకపోయింది. ఉంటే తియ్యకుండా పోతారాండీ? పాపం, దొరకగానే ఇంత దూరం వెనక్కొచ్చారు. ఎవరొస్తారండీ ఇట్టాగ?"

బల్బు చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి దాని మీద పెట్టి కప్పేసుకున్నాను.

ఆవిడే మళ్ళీ అంది, "వాళ్ళ నాన్నకి జాబు రాయాలండి. మాలో రాసేవాళ్ళు లేరు. మీరు రాసిపెడతారా?"

కాగితం, కలం తీశాను. పోయిందన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది, నాలుగు ముక్కల్లో రాశాను. "ఎలా ఉండేదో రాయండి బాబూ. అదే గదండీ ఆయన అడిగింది. మీరు చూశారు గదండీ, మీ మాటల్లో రాస్తే బాగుంటది."

కలం కాగితం మీద పెట్టాను. పెట్టిన చోటే ఉంది. ఎలా ఉండేది? ఎనిమిదడుగుల దూరం గుర్తుంది. బుడ్డి ఏ పక్కనుందో గుర్తుంది. వెనక దడి గుర్తుంది. మొహం లేదు. ఎంత తవ్వుకున్నా, బిడ్డ మొహం ఉండాల్సిన చోట గుడ్డల మూట తప్ప ఏమీ లేదు. నలుపో తెలుపో తెలీదు. కళ్ళు తెరిచి ఉందో మూసి ఉందో తెలీదు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాను. "తల్లి చెబితేనే సరిగ్గా ఉంటుంది."

చెప్పింది. జుట్టు ఒత్తు, నుదుటి మీదికి పడేది. ఎడమ చెవి తమ్మె కొంచెం మడతపడి ఉండేది, అచ్చం వాళ్ళ నాన్నదానికి మల్లే. గుప్పెట్లు విప్పేది కాదు, విప్పితే ఏదో పడిపోతుందన్నట్టు. ఏడుపు పెద్దది కాదు. నిద్దట్లో మూతి ఒక పక్కకు తిప్పి నవ్వేది. ఆవలింత వస్తే ఒళ్ళంతా సాగదీసి ఎర్రబడిపోయేది. పాలు తాగేటప్పుడు కాలి బొటనవేలు ఆడిస్తూ ఉండేది. చెబుతూ చెబుతూ ఒకచోట ఆవిడకు కూడా నవ్వొచ్చింది. నేను తల దించుకుని రాస్తూనే ఉన్నాను. అక్షరాలు అలుక్కుపోతే మళ్ళీ దిద్దాను.

అంతా అయ్యాక చదివి వినిపించాను. తల ఊపింది. తర్వాత కాస్త మొహమాటపడుతూ, "ఇంకో ముక్క రాయండి బాబూ," అంది. "మేం రాయించామంటే, నాన్న పోలికని మురిపించడానికి మేమే కల్పించి చెప్పామనుకుంటారండి. చదువుకున్న పెద్దోరు కళ్ళారా చూశారని రాస్తే నమ్ముతారు. ఆయనకి అదొక్కటే గదండీ మిగిలేది."

ఏడుకొండలు కూడా గుమ్మంలోకి వచ్చి, "అవునండి, రాయండి," అన్నాడు.

"పైన రాసినవన్నీ నేను స్వయంగా, దగ్గరగా నిలబడి చూసినవి. బిడ్డకు తండ్రి పోలికే," అని రాశాను. కింద నా పేరు, నా చదువు, మా స్కూలు పేరు, మా ఊరు వివరంగా రాసి సంతకం పెట్టాను. సత్తెమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది.

"మీ మేలు ఈ జన్మకి మర్చిపోమండీ," అంది.